లిబ్రెఆఫీస్‌లో కొత్త తెలుగు ఫాంట్లు: దింపుకునే దగ్గర నుంచి ప్రింటు చేతికొచ్చే దాకా

అనంతపురం, కడప, కర్నూలు వైపు బడుల్లో ప్రశ్నపత్రాలు టైపు చేసే పంతుళ్లు, సచివాలయాల్లో నోటీసులు తయారుచేసేవాళ్లు, ఇంట్లోనే శుభలేఖ దిద్దుకుందామనుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు మూడే. "ఫాంటు వేసినా సార్, రైటర్‌లో కనపడలే." "పేరైతే కనపడుతోంది, ఎంచుకుంటే అక్షరాలు మారలే." "నా కంప్యూటర్‌లో బాగుంది, ప్రింటు షాపులో తెరిస్తే వేరేగా వచ్చింది. ఏం చేయల్ల?"

లిబ్రెఆఫీస్ అంటే ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్, రైటర్ అందులో పత్రాలు టైపు చేసే భాగం. ఈ మూడూ మూడు చోట్ల పుట్టే ఇబ్బందులు. మొదటిది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, రెండోది లిబ్రెఆఫీస్ సెట్టింగుల్లో, మూడోది ఫైలు పంపే పద్ధతిలో వస్తుంది. రెండో ఇబ్బంది వచ్చినప్పుడు కూడా చాలామంది ఫాంటును తీసేసి మళ్లీ వేస్తూ పూట గడిపేస్తారు. నిజానికి ఫాంటు ఇన్‌స్టాల్ అయ్యాక సగం పని మిగిలే ఉంటుంది. ఇక్కడ ఎక్కువ చోటు ఆ సగానికే ఇస్తున్నాను.

మెనూ పేర్లు ఇంగ్లిష్ మెనూల్లో ఎలా ఉంటాయో అలాగే తెలుగు అక్షరాల్లో రాశాను. మీ లిబ్రెఆఫీస్ తెలుగు మెనూలతో ఉంటే పేర్లు మారతాయి కానీ వాటి వరుస అదే.

## 1. ముందుగా చూసుకోవలసినవి

- లిబ్రెఆఫీస్ మరీ పాతది కాకూడదు. హెల్ప్ మెనూలో అబౌట్ లిబ్రెఆఫీస్ నొక్కితే వెర్షన్ కనిపిస్తుంది. 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని కంప్యూటర్లలోనూ అక్షరాలను కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే భాగం చూస్తోంది. అంతకంటే పాతదైతే ముందు అప్‌డేట్ చేయండి. వత్తుల గోల సగం అక్కడే తీరుతుంది.
- తెలుగు కీబోర్డు పనిచేస్తూ ఉండాలి. కీబోర్డు వేరు, ఫాంటు వేరు. ఫాంటు వేసినంత మాత్రాన తెలుగు టైపు కాదు. విండోస్ సెట్టింగుల్లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ రెండూ దొరుకుతాయి.
- ఆఫీసు కంప్యూటరైతే అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. లేకున్నా పని నడుస్తుంది, దారి మాత్రం వేరు.
- ఫాంటుతో తయారుచేయబోయేది ఏమిటో తేల్చుకోండి. నాలుగు పేజీల ప్రశ్నపత్రానికి సరిపోయే ఫాంటు బ్యానర్‌కు సరిపోదు.

## 2. అది యూనికోడ్ ఫాంటేనా?

అన్నిటికంటే ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న అను, శ్రీలిపి తరహా పాత ఫాంట్లకు, యూనికోడ్ ఫాంట్లకు పొత్తు కుదరదు. పాత పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టి ఉంటారు. కంప్యూటర్ లెక్కలో అది ఇంగ్లిషే, కంటికి మాత్రం తెలుగు. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్నాయి. ఫోన్లో వచ్చే మెసేజీ, ఇప్పుడు మీరు చదువుతున్న ఈ వాక్యం, అన్నీ యూనికోడే.

అందుకే స్నేహితుడి పెన్‌డ్రైవ్ నుంచి పాత డీటీపీ ఫాంట్లను గంపగుత్తగా తెచ్చి వేసుకున్నా, యూనికోడ్‌లో టైపు చేసిన అక్షరాల రూపు మారదు. ఆ ఫాంటులో యూనికోడ్ తెలుగు స్థానాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి లిబ్రెఆఫీస్ ఇంకో తెలుగు ఫాంటును అరువు తెచ్చుకుని చూపిస్తుంది.

తేల్చుకునే పద్ధతి సులువు. ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నమూనా కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లిష్ ఏ, బీ, సీ, డీ వరుస ఉండాల్సిన చోట తెలుగు గుణింతపు ముక్కలు, వత్తులు కనిపిస్తే అది పాత రకం. ఇంగ్లిష్ ఇంగ్లిష్‌గానే ఉంటే యూనికోడ్ ఫాంటు అయ్యుండొచ్చు, వేసి చూడొచ్చు. నమూనాలో తెలుగు వాక్యం కనిపించలేదని దిగులు పడకండి. ఆ కిటికీ చాలాసార్లు ఇంగ్లిష్ వాక్యమే చూపిస్తుంది.

## 3. ఏ ఫాంటు దేనికి

గూగుల్ ఫాంట్స్ సైట్లో భాషల జాబితాలో తెలుగు ఎంచుకుంటే ఉచిత యూనికోడ్ ఫాంట్లు వరుసగా వస్తాయి. అక్కడి తెలుగు ఫాంట్లలో చాలావాటిది ఓపెన్ ఫాంట్ లైసెన్స్. అంటే ప్రింటు వేసి అమ్ముకోవచ్చు, పత్రంలో పొదగొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. దింపుకున్న ఫోల్డర్లో లైసెన్స్ ఫైలు ఉంటుంది, దాన్ని ఫాంటుతో పాటే ఉంచండి.

నా అభిప్రాయం ఇది:

- పేజీల కొద్దీ చదవాల్సిన మ్యాటరుకు మండలి గానీ, నోటో శాన్స్ తెలుగు గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ తీసుకోండి. నోటో కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా వేర్వేరు మందాలు నిజంగా గీసి ఉన్నాయి. ప్రశ్నపత్రాలకు ఇది చాలా అక్కరకొస్తుంది.
- శీర్షికలకు రామభద్ర. అది పుట్టుకతోనే లావు.
- శుభలేఖకు, ఆహ్వానానికి లక్కిరెడ్డి, రవిప్రకాశ్ వంటివి ఒక్క పంక్తికో, పేర్లకో వాడితే ముచ్చటగా ఉంటాయి. ముహూర్తం, వేదిక, చిరునామా మాత్రం మామూలు ఫాంటులో పెట్టండి. కళ్లజోడు లేని పెద్దాయనకు కూడా అవి తెలియాలి.

ఒక పత్రానికి రెండు ఫాంట్లు చాలు. కొత్తగా వేసుకున్న ఉత్సాహంలో ఒకే కాగితం మీద ఐదారు రకాలు కూరిస్తే ఏ ఒక్కటీ చదవబుద్ధి కాదు.

## 4. దింపుకోవడం, జిప్ విప్పడం

దింపుకున్నది జిప్ ఫైలుగా వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కి విడి ఫోల్డరుగా విప్పండి. జిప్ లోపలికి తొంగిచూసి అక్కడి నుంచే ఇన్‌స్టాల్ చేయాలని చూడొద్దు.

విప్పాక కావాల్సింది టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ తోకతో ఉన్న ఫైళ్లు. డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్ తోక ఉన్నవి వెబ్‌సైట్ల కోసం చేసినవి, వాటిని విండోస్ తీసుకోదు.

నోటో వంటి వాటిలో ఇంకో మెలిక ఉంది. జిప్‌లో పైనే వేరియబుల్ ఫాంటు అనే ఒక పెద్ద ఫైలు, స్టాటిక్ అనే ఫోల్డరులో విడివిడి ఫైళ్లు ఉంటాయి. రెండు రకాలూ వేయొద్దు. ఒకే పేరుతో రెండు వచ్చి బోల్డ్ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తుంది. స్టాటిక్ ఫోల్డరు తెరిచి రెగ్యులర్, బోల్డ్ ఈ రెండూ వేసుకోండి. కండెన్స్‌డ్, థిన్ లాంటివన్నీ వేస్తే ఫాంట్ల జాబితా చాంతాడంత పెరిగిపోయి వెతుక్కోవడమే పనవుతుంది.

## 5. విండోస్‌లో వేయడం

1. లిబ్రెఆఫీస్ కిటికీలన్నీ మూసేయండి. గడియారం పక్కన చిన్న బొమ్మల్లో లిబ్రెఆఫీస్ క్విక్‌స్టార్టర్ ఉంటే రైట్ క్లిక్ చేసి దాన్నీ మూయండి.
2. ఫాంటు ఫైలు మీద రైట్ క్లిక్ చేయండి. ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అని కనిపిస్తే అదే నొక్కండి. విండోస్ 11లో కనిపించకపోతే షో మోర్ ఆప్షన్స్ నొక్కాక వస్తుంది.
3. అడ్మిన్ పాస్‌వర్డు అడిగి, మీ దగ్గర లేకపోతే ఉత్త ఇన్‌స్టాల్ నొక్కండి. అప్పుడు ఆ ఫాంటు మీ లాగిన్‌కే పరిమితం. అదే కంప్యూటర్ మీద ఇంకొకరు వాళ్ల లాగిన్‌తో కూర్చుంటే వాళ్లకు కనిపించదు. బడి ల్యాబుల్లో "నిన్న ఉండె, ఈరోజు లేదు" అనే మాట తరచు దీనివల్లే వస్తుంది.
4. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, దాని కింద ఫాంట్స్ తెరిచి ఫాంటు పేరు టైపు చేసి చూడండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది.
5. లిబ్రెఆఫీస్ తెరవండి.

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాల్సిన అవసరం సాధారణంగా రాదు. లిబ్రెఆఫీస్‌ను పూర్తిగా మూసి తెరిస్తే చాలు, ఎందుకంటే ఫాంట్ల జాబితాను అది తెరుచుకునేటప్పుడే చదువుకుంటుంది.

## 6. లినక్స్‌లో, మ్యాక్‌లో

ఉబుంటు వంటి వాటిలో ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే నమూనా కిటికీలోనే ఇన్‌స్టాల్ బొత్తాం ఉంటుంది. చాలా ఫాంట్లు ఒకేసారి వేయాలంటే హోమ్ ఫోల్డరు తెరిచి కంట్రోల్+హెచ్ నొక్కండి, దాచిన ఫోల్డర్లు బయటపడతాయి. డాట్‌తో మొదలయ్యే లోకల్, దానిలో షేర్, దానిలో ఫాంట్స్ అనే ఫోల్డరు ఉండాలి. లేకపోతే ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో ఆ పేరున కొత్తది చేసుకుని ఫైళ్లు అందులో పెట్టండి. లిబ్రెఆఫీస్ మూసి తెరవండి.

మ్యాక్‌లో ఫాంట్ బుక్ తెరిచి ఫైలును అందులోకి లాగితే సరి.

## 7. లిబ్రెఆఫీస్‌కు తెలుగు సంగతి చెప్పడం

"ఎంచుకుంటే మారలే" అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నిదానంగా చదవండి.

లిబ్రెఆఫీస్ ప్రపంచ లిపులను మూడు గుంపులుగా చూస్తుంది. ఇంగ్లిష్ లాంటివి వెస్టర్న్. చైనా, జపాన్, కొరియా లిపులు ఏషియన్. గుణింతాలు, వత్తులు కలిసి రూపు మారే తెలుగు, కన్నడం, హిందీ, ఉర్దూ లాంటివి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్, పొట్టిగా సీటీఎల్. మనం ఆసియాలోనే ఉన్నాం కదా అని ఏషియన్ దగ్గర వెతకొద్దు, తెలుగు అక్కడ ఉండదు.

ప్రతి పేరాకూ ఈ మూడు గుంపులకు మూడు ఫాంట్లు, మూడు సైజులు, మూడు భాషలు విడివిడిగా ఉంటాయి. మీరు వెస్టర్న్ వైపు మండలి పెట్టి సైజు 16 చేసినా, సీటీఎల్ వైపు పాత ఫాంటు 12 సైజులో అలాగే కూర్చుని ఉంటుంది. తెర మీద తెలుగు కదలదు.

సరిచేసే వరుస:

1. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరవండి.
2. ఎడమ పక్క లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్ నొక్కండి. కొంచెం పాత వెర్షన్లలో ఇది లాంగ్వేజ్ సెట్టింగ్స్ కింద లాంగ్వేజెస్ అని ఉంటుంది.
3. డిఫాల్ట్ లాంగ్వేజెస్ ఫర్ డాక్యుమెంట్స్ అన్న చోట కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పక్కన టిక్ గడి ఉంటే టిక్ పెట్టి, భాషగా తెలుగు ఎంచుకోండి.
4. అప్లై నొక్కండి. ఇప్పుడు అదే కిటికీలో లిబ్రెఆఫీస్ రైటర్ అన్న చోటికి వెళ్తే బేసిక్ ఫాంట్స్, సీటీఎల్ అనే వరుస కనిపిస్తుంది. సీటీఎల్ ఆన్ చేయకముందు ఇది కనిపించదు.
5. అక్కడ డిఫాల్ట్ దగ్గర మండలి, హెడింగ్ దగ్గర రామభద్ర, ఇలా మీకు కావాల్సినవి, సైజులతో సహా పెట్టండి.
6. ఓకే నొక్కి కొత్త పత్రం తెరిచి టైపు చేయండి.

ఈ మార్పు కొత్త పత్రాలకు. ముందే ఉన్న పత్రాలకు తర్వాతి అంచె అవసరం.

పైనున్న పట్టీలో ఫాంటు పేరు గడి ఎందుకు ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు? కర్సర్ ఉన్న చోట ఏ లిపి ఉందో చూసుకుని అది ఆ గుంపు ఫాంటునే మారుస్తుంది. ఇంకా ఏమీ టైపు చేయని ఖాళీ పేజీలో, కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉండగా ఫాంటు ఎంచుకుంటే అది వెస్టర్న్ వైపు పడుతుంది. తర్వాత తెలుగు టైపు చేస్తే ఆ ఎంపిక దానికి వర్తించదు. పట్టీతోనే పని కానిద్దామంటే ముందు తెలుగు టైపు చేసి, దాన్ని సెలెక్ట్ చేసి, అప్పుడు ఫాంటు ఎంచుకోండి.

నమ్మకంగా చూసుకోవాలంటే ఫార్మాట్ మెనూలో క్యారెక్టర్ తెరవండి. అక్కడ వెస్టర్న్, సీటీఎల్ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది ఎటు పడిందో దాపరికం లేకుండా తెలుస్తుంది.

## 8. స్టైల్స్‌లో ఒకసారి పెట్టి ఊరుకోండి

కంట్రోల్+ఎ కొట్టి మొత్తానికి ఫాంటు మార్చడం ఒక పేజీ నోటీసుకు చాలు. నలభై పేజీల పాఠానికైతే ఆ పద్ధతి వద్దు. రేపు శీర్షికలు మాత్రం మార్చాలంటే ఒక్కొక్కటీ వెతుక్కోవాల్సి వస్తుంది.

స్టైల్ అంటే ఒక్కో రకం పేరాకు ఫాంటు, సైజు లాంటివి ఒకేచోట పెట్టుకునే ఏర్పాటు. ఎఫ్11 నొక్కితే కుడి పక్క స్టైల్స్ తెరుచుకుంటాయి. డిఫాల్ట్ పారాగ్రాఫ్ స్టైల్ మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ స్టైల్ నొక్కండి. ఫాంట్ ట్యాబులో సీటీఎల్ భాగానికి వెళ్లి ఫాంటు, సైజు, భాష పెట్టండి. హెడింగ్ స్టైల్‌కు విడిగా అదే పని చేయండి. హెడింగ్ తన ఫాంటును తానే పట్టుకుని ఉంటుంది, డిఫాల్ట్ మార్చినా మారదు.

స్టైల్ మార్చాక కూడా కొన్ని పేరాలు మొండికేస్తే, ఎవరో ఇంతకుముందు చేత్తో ఫాంటు పెట్టి ఉంటారు. ఆ పేరాలు సెలెక్ట్ చేసి ఫార్మాట్ మెనూలో క్లియర్ డైరెక్ట్ ఫార్మాటింగ్ నొక్కండి. చేత్తో పెట్టినవన్నీ పోయి స్టైల్ దిగుతుంది. పోయేవాటిలో మీరు కావాలని పెట్టిన బోల్డ్ కూడా ఉంటుంది, జాగ్రత్త.

అంతా కుదిరాక ఫైల్ మెనూలో టెంప్లేట్స్, అందులో సేవ్ యాజ్ టెంప్లేట్ తెరిచి, పేరు పెట్టి, సెట్ యాజ్ డిఫాల్ట్ టెంప్లేట్ దగ్గర టిక్ పెట్టండి. ఇక ప్రతి కొత్త పత్రం మీ ఫాంట్లతోనే తెరుచుకుంటుంది.

పట్టికలు, లెక్కలు చేసే కాల్క్‌లోనూ అంతే. ఎఫ్11, డిఫాల్ట్ సెల్ స్టైల్, ఫాంట్, సీటీఎల్. రైతుల పేర్ల జాబితాలు, విద్యార్థుల మార్కుల పట్టీలు చేసేవాళ్లు ఇది తప్పకుండా చేసుకోవాలి.

## 9. మన ఊరి పేర్లతో పరీక్ష పెట్టండి

ఫాంటు అందంగా ఉందని "అమ్మ", "నాన్న" టైపు చేసి ముగించొద్దు. ఏ ఫాంటైనా ఆ రెండూ బాగానే చూపిస్తుంది. మీ పత్రంలో నిజంగా వచ్చే మాటలతో పరీక్షించాలి. మన జిల్లాల్లోని ఊర్ల పేర్లే దీనికి చాలు:

శ్రీశైలం, ప్రొద్దుటూరు, ఒంటిమిట్ట, ఎమ్మిగనూరు, ఆళ్లగడ్డ, కళ్యాణదుర్గం, ఆత్మకూరు, గుంతకల్లు, జమ్మలమడుగు.

వాటి కింద ఇంకో వరుస:

రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి, జ్ఞానం, స్త్రీ, సంస్కృతి, గుఱ్ఱం, సాఫ్ట్‌వేర్, ₹500.

చూడాల్సినవి:

- శ్రీశైలంలో ఐత్వం రెండు ముక్కలు, పైన ఒకటి, కింద ఒకటి. కింది ముక్క పక్క అక్షరానికి తగులుతోందా?
- ప్రొద్దుటూరులో క్రారవడి తన చోట ఉందా? "ద్దు"లో వత్తు, కొమ్ము ఒకదానిమీదొకటి పడుతున్నాయా?
- స్వాతంత్ర్యంలో త కింద రెండు వత్తులు రావాలి. చాలా ఫాంట్లు తేలిపోయేది ఈ మాట దగ్గరే.
- గుఱ్ఱంలో బండి ఱ ఉందా, లేక దాని స్థానంలో వేరే ఫాంటు అక్షరం అరువు వచ్చిందా? పాత దస్తావేజులు, శాసనాల మ్యాటర్ టైపు చేసేవాళ్లకు ఇది ముఖ్యం.
- సాఫ్ట్‌వేర్‌లో "ట్" పొల్లుగానే ఉండాలి. "వే" దాని కిందికి వత్తుగా దిగిపోతే లోపం ఫాంటుది కాదు, మధ్యలో కనిపించని విడదీత గుర్తు పడలేదు. రైటర్‌లో ఆ చోట 200 అంకెలు, వెంటనే ఇంగ్లిష్ సి అక్షరం టైపు చేసి ఆల్ట్+ఎక్స్ నొక్కితే ఆ గుర్తు వస్తుంది.
- రూపాయి గుర్తు 2010లో ఖరారైంది. అంతకుముందు చేసిన ఫాంట్లలో అది ఉండకపోవచ్చు.

ఈ రెండు వరుసలను ఒక ఫైలులో దాచుకోండి. కొత్త ఫాంటు వేసిన ప్రతిసారీ అదే తెరిచి, తెర మీద కాకుండా కాగితం మీద ఒక ప్రింటు తీసి చూడండి. తెర మీద పెద్దది చేసి చూస్తే కనపడని తగులాటలు 11 సైజులో కాగితం మీద బయటపడతాయి.

## 10. వరుసల జాగా, బోల్డ్, అంకెలు

తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉన్నాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఇంగ్లిష్ కంటే ఎక్కువ కావాలి. వత్తులు సగానికి తెగినట్టు కనిపిస్తే ఫార్మాట్, పారాగ్రాఫ్, లైన్ స్పేసింగ్ చూడండి. అక్కడ ఫిక్స్‌డ్ అని ఉంటే దాన్ని ప్రపోర్షనల్‌గా మార్చండి. ఇంకొకరి వర్డ్ ఫైలు తెరిచినప్పుడు ఈ ఫిక్స్‌డ్ తరచు దానితో పాటే వస్తుంది. కాల్క్‌లో గడి ఎత్తు చాలకపోతే వరుసలు సెలెక్ట్ చేసి ఫార్మాట్, రోస్, ఆప్టిమల్ హైట్ నొక్కండి.

బోల్డ్ విషయంలో నాది గట్టి పట్టు. ఒక్క రెగ్యులర్ మాత్రమే ఉన్న ఫాంటుకు కంట్రోల్+బి కొడితే లిబ్రెఆఫీస్ ఉన్న గీతనే లావు చేసి చూపిస్తుంది. తెలుగు అక్షరాల్లో సన్న సందులు ఎక్కువ కాబట్టి అవి పూడుకుపోతాయి. జిరాక్స్ తీస్తే మ, య, ప, ష ఏవి ఏవో తెలియవు. ప్రశ్నపత్రం నూటయాభై కాపీలు జిరాక్స్ అయ్యాక పిల్లవాడు తప్పుగా చదివితే తప్పు పిల్లవాడిది కాదు. బోల్డ్ కావాలంటే నిజమైన బోల్డ్ ఫైలు ఉన్న ఫాంటు వాడండి, లేదా శీర్షికకు రామభద్ర లాంటి లావు ఫాంటు పెట్టి బోల్డ్ జోలికి పోకండి.

అంకెల సంగతి. అంకెలు, విరామ చిహ్నాలు ఏ గుంపుకూ చెందవు. ముందున్న అక్షరం ఏ లిపో అటు పోతాయి. అందుకే "తేదీ 12" అన్నచోట అంకె సీటీఎల్ ఫాంటులో, ఇంగ్లిష్ మాట తర్వాత వచ్చిన అంకె వెస్టర్న్ ఫాంటులో పడి, ఒకే పేజీలో రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. మందు: స్టైల్‌లో రెండు వైపులా ఒకే ఫాంటు, ఒకే సైజు పెట్టండి. మండలి, నోటో వంటి వాటిలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కూడా ఉన్నాయా లేదా ముందు ఒక వరుస టైపు చేసి చూసుకుని పెట్టండి.

## 11. ఇంకో కంప్యూటర్‌కు, ప్రింటు షాపుకు

మీరు పంపే ఫైలులో మామూలుగా ఫాంటు ఉండదు, దాని పేరు మాత్రమే ఉంటుంది. అవతలి కంప్యూటర్లో ఆ పేరు గల ఫాంటు లేకపోతే అది తోచినది పెట్టుకుంటుంది. రెండు పేజీల పత్రం మూడు పేజీలయ్యేది అందుకే.

ప్రింటుకైతే పీడీఎఫ్ ఒక్కటే దారి. ఫైల్, ఎక్స్‌పోర్ట్ యాజ్, ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్. వాడిన అక్షరాలు అందులోకి పొదిగి వెళ్తాయి. షాపు అతను "మ్యాటర్ ఇవ్వండి, పేజ్‌మేకర్‌లో పెట్టుకుంటా" అంటే ఒప్పుకోవద్దు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అతికించగానే ప్రశ్న గుర్తులు వస్తాయి. ఫ్లెక్సీ వేసేవాళ్లు కోరల్‌డ్రాలో పీడీఎఫ్ తెరిచేటప్పుడు టెక్స్ట్‌ను కర్వ్స్‌గా తీసుకోమని చెప్పండి. అప్పుడు అక్షరాలు బొమ్మలుగా మారిపోతాయి కాబట్టి వత్తులు చెదరవు.

అవతలివాళ్లు పత్రాన్ని దిద్దాల్సి ఉంటే రెండు పద్ధతులు. ఒకటి, ఫాంటు ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వేసుకోమనడం. ఓపెన్ లైసెన్స్ ఫాంట్లకు ఇదే తేలిక. రెండోది, ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్ ట్యాబ్ తెరిచి ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ డాక్యుమెంట్ దగ్గర టిక్ పెట్టడం. ఆ కిందనే ఏ లిపుల ఫాంట్లు పొదగాలో అడుగుతుంది, కాంప్లెక్స్ దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. అది లేకుంటే ఇంగ్లిష్ ఫాంటు వెళ్తుంది, తెలుగు ఇక్కడే ఉండిపోతుంది.

ప్రింటుకు ఇచ్చే ముందు:

- పీడీఎఫ్ రీడర్లో ప్రాపర్టీస్, ఫాంట్స్ చూశారా? మీ ఫాంటు పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉండాలి.
- పీడీఎఫ్‌ను ఫోన్లో తెరిచి చూశారా? ఫోన్లో మీ ఫాంటు ఉండదు కాబట్టి, అక్కడ సరిగా కనిపిస్తే పొదిగినట్టే.
- పేర్లు, ఇంటిపేర్లు, ఊర్ల పేర్లు మాత్రమే ఒకసారి విడిగా చదివారా?
- వేరియబుల్ ఫాంటు వాడారా? 7.5 కంటే పాత లిబ్రెఆఫీస్ అయితే దాని పీడీఎఫ్ నమ్మదగింది కాదు, స్టాటిక్ ఫాంటుకు మారండి.

## 12. వచ్చే తప్పులు, వాటి మందులు

ఫాంటు పేరు గడిలో వాలు అక్షరాల్లో కనిపిస్తోంది. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేదని అర్థం. తెర మీద ఉన్నది మారువేషం. అసలు ఫాంటు తెచ్చి వేయండి. దొరకకపోతే టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్, ఫాంట్స్‌లో రీప్లేస్‌మెంట్ టేబుల్ ఆన్ చేసి, ఎడమ గడిలో లేని ఫాంటు పేరు, కుడి గడిలో ఉన్న ఫాంటు పేరు పెట్టి ఆల్వేస్ దగ్గర టిక్ చేయండి. విండోస్ నుంచి గౌతమి ఫాంటుతో వచ్చే ఫైళ్లను లినక్స్‌లో తెరిచేవాళ్లకు ఇది రోజూ పనికొస్తుంది.

వత్తులు విడిపోయి చుక్కల సున్నాలు కనిపిస్తున్నాయి. ఒక్క ఫాంటులోనే అలా ఉంటే ఆ ఫాంటులో అక్షరాలు కలిపే పట్టికలు లేవు, వదిలేయండి. అన్ని ఫాంట్లలోనూ అదే చోట వస్తే టైపింగ్ తప్పు: గుణింతం రెండుసార్లు పడి ఉంటుంది, లేదా అక్షరం లేకుండా గుణింతం ఒక్కటే పడి ఉంటుంది.

విండోస్ "సరైన ఫాంటు ఫైలు కాదు" అంటోంది. దింపుకోవడం మధ్యలో ఆగి ఉంటుంది, లేదా ఫాంటుకు బదులు వెబ్ పేజీ సేవ్ అయి ఉంటుంది. తీసేసి మళ్లీ దింపండి.

పాత ఫైలు తెరిస్తే అంతా అర్థం లేని ఇంగ్లిష్. అది అను లాంటి పాత పద్ధతి మ్యాటర్. ఫాంట్లు మారుస్తూ పోతే తెలుగు కాదు. యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో పెట్టి మార్చండి. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీద పనిచేయండి. మార్చాక వత్తులు, అరసున్నలు, పొల్లులు ఒకటికి రెండుసార్లు చదవండి, తప్పులు దొర్లేది వాటి దగ్గరే.

ఒకే ఫాంటు పేరు రెండుసార్లు ఉంది, లేదా కొత్త వెర్షన్ వేసినా పాతదే కనిపిస్తోంది. లిబ్రెఆఫీస్ మూసి, సెట్టింగ్స్‌లో ఫాంట్స్ తెరిచి ఆ ఫాంటును అన్‌ఇన్‌స్టాల్ చేయండి. మీ లాగిన్‌కు ఒకసారి, అందరికీ ఒకసారి వేసి ఉంటే రెండూ తీయాలి. ఆ తర్వాత ఒక్కదాన్నే, అందరికీ వర్తించేలా వేయండి. ఈ పని చేస్తూ విండోస్‌తో వచ్చిన నిర్మలా యూఐను మాత్రం తీయకండి. భారతీయ లిపులు విండోస్ మెనూల్లో కనిపించేది దానితోనే.